మంచం తలవైపు ఒక కాగితం

ఆర్యా,

మా అమ్మకు 78 ఏళ్లు. సంక్రాంతి వెళ్లిన వారానికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట పోయింది. మూతి వంకర పోవడం చూసి మా తమ్ముడు వెంటనే ఆస్పత్రికి చేర్చాడు. నాలుగున్నర గంటల లోపు వెళ్లాం కనుక రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వగలిగారు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టర్లకు మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం. నేను రాస్తున్నది ఆ తర్వాత జరిగినదాని గురించి.

మూడో రోజు ఉదయం స్పీచ్ థెరపిస్టు వచ్చింది. చెంచాతో నీళ్లు పట్టి, అమ్మ గొంతు మీద రెండు వేళ్లు ఆనించి, మింగడం ఎలా ఉందో చాలాసేపు చూసింది. "పల్చటివి ఏవీ వద్దమ్మా. నీళ్లయినా సరే, చిక్కబరిచే పొడి కలిపి, నిటారుగా కూర్చోబెట్టి పట్టాలి. లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతాయి" అని చెప్పి, ఫైలులో రాసి వెళ్లింది. ఆ పొడి కోసమే నేను కింద మందుల షాపుకు వెళ్లాను. తిరిగి వచ్చేసరికి డైటీషియన్ పంపిన ట్రే వచ్చి ఉంది. అందులో పల్చటి రాగిజావ, మజ్జిగ. సుగరుకూ బీపీకీ ఆ లెక్క సరైనదే. అమ్మ పడుకుని ఉండగానే ఆయమ్మ జావ పడుతోంది. రెండో గుక్కకే పొలమారింది. "ఎవరో తలుచుకుంటున్నారులే పెద్దమ్మా" అంటూ ఆయమ్మ నెత్తి మీద మెల్లగా తట్టింది.

సాయంత్రానికి జ్వరం. ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తుల్లో నెమ్ము. మళ్లీ ఐసీయూ, ఆరు రోజులు.

ఎవరి పని వారు శ్రద్ధగానే చేశారు. థెరపిస్టు రాసింది డైటీషియన్ చూడలేదు, సిస్టర్లు డ్యూటీ మారే హడావుడిలో ఆ మాట ఆయమ్మ దాకా రాలేదు. నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వనిది మర్నాడు ఆ ఆయమ్మ కళ్లనీళ్లతో చెప్పిన మాట: "ముందురోజు కూడా పొలమారిందమ్మా. గొంతు గరగరలాడింది. ఎవరికి చెప్పాలో తెలియలేదు." అమ్మ నోట మాట లేదు. చూసిన మనిషిని అడిగినవారు లేరు.

తర్వాత అమ్మను మరోచోట చేర్చాం. మొదటి రోజే అక్కడి సిస్టర్ మంచం తలవైపు పెద్ద తెలుగు అక్షరాలతో ఒక కాగితం అంటించింది: "పల్చటివి ఇవ్వరాదు. కూర్చోబెట్టి తినిపించాలి. కుడి చేయి పట్టి లాగరాదు." రోజూ ఉదయం డాక్టరు, సిస్టర్, ఫిజియోథెరపిస్టు, డైటీషియన్ మంచం దగ్గరే కలిసి నిలబడి పది నిమిషాలు మాట్లాడుకునేవారు. ఇందుకు కొత్త యంత్రాలు కావాలా, కోట్లు కావాలా?

నేను ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పాను. విడివిడిగా చదివినవారు ఉద్యోగంలో చేరగానే కలిసి పనిచేయాలంటే కష్టమే. వేర్వేరు వైద్య వృత్తుల వారు చదువుకునే రోజుల నుంచే కలిసి నేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే చెప్పింది. మన రాష్ట్రంలో ఎంబీబీఎస్, నర్సింగ్, ఫిజియోథెరపీ కోర్సులు చాలావరకు వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం కిందే ఉన్నాయి. ఆ విద్యార్థులను కొన్ని వారాలైనా ఒకే రోగి మంచం దగ్గర కలిపి నిలబెట్టడానికి అడ్డేమిటి?

అంతవరకూ ఆగనక్కరలేని పని ఒకటుంది. పక్షవాతం రోగుల మంచాలకు అలాంటి కాగితం అంటించాలని, రోజూ ఆ పది నిమిషాలు తప్పనిసరి చేయాలని వైద్య ఆరోగ్య శాఖ అన్ని ఆస్పత్రులకూ ఆదేశాలివ్వాలి. అప్పుడు ఆయమ్మను కూడా పేరు పెట్టి పిలిచి, "రాత్రి పెద్దమ్మ ఎలా తిన్నది?" అని అడగాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
విద్యానగర్, హైదరాబాద్