కాల్ ఆఫ్ అంటే వాయిదా కాదు

సంపాదకుల గారికి,

పరీక్ష 'కాల్డ్ ఆఫ్ టు మండే' అని నోటీసు పెట్టే కాలేజీలు మన దగ్గర ఉన్నాయండి. మా అమ్మాయి చదివేది అలాంటిదే. పిల్లల్లో కొందరు పరీక్షే లేదనుకున్నారు, కొందరు సోమవారం ఉందనుకున్నారు, ఎవరినీ తప్పుపట్టలేం. ఆ లైనేదో తెలుగులో రాసినా సరిపోయేది.

కాల్ ఆఫ్ అంటే రద్దు చేసుకోవడం, పుట్ ఆఫ్ అంటే వెనక్కి జరపడం. కరోనా ఏడాది 2020లో వింబుల్డన్‌ని కాల్ ఆఫ్ చేశారు, ఆ ఏడు అది జరగనే లేదు. టోక్యో ఒలింపిక్స్‌ని మాత్రం పుట్ ఆఫ్ చేసి 2021లో జరిపారు. అంతదూరం ఎందుకు, తెలంగాణలో గ్రూప్-2 రాసినవాళ్లని అడగండి. 2023 ఆగస్టులో జరగాల్సింది నవంబరుకి, అక్కడి నుంచి జనవరికి, అలా పోయి పోయి చివరికి 2024 డిసెంబరులో జరిగింది, పుట్ ఆఫ్ అంటే ఏంటో వాళ్లకి ఏ గైడూ చెప్పక్కర్లేదు. 2019లో ఆర్టీసీ కార్మికులు 52 రోజులకి సమ్మె విరమించారు కదా, దానికి కాల్ ఆఫ్ అనే అనాలి, ఎందుకంటే మొదలైనదాన్ని మధ్యలో ఆపేసినా ఈ మాటే వాడతారు. అదే 2022 అక్టోబరులో రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్‌ని పేపర్ లీకయ్యాక 2023 మార్చిలో రద్దు చేసినదానికి ఇది అతకదు. జరిగిపోయిన పరీక్షకి క్యాన్సిల్ అనడమే సరైనది.

మన గైడుల్లో ఇదంతా ఎక్కడుంది? ఎడమవైపు కాల్ ఆఫ్, కుడివైపు క్యాన్సిల్, జతపరచండి, అంతే. 'పుట్ ఆఫ్ ఇట్' అనకూడదు, 'పుట్ ఇట్ ఆఫ్' అనాలన్న చిన్న సంగతి డిగ్రీకొచ్చినా చాలామందికి తెలియట్లేదు. వాసనకి తినబుద్ధి కాకపోయినా, ఒకరి మాటతీరుకి మనసు విరిగినా కూడా పుట్ ఆఫ్ అనే అంటారని అసలే తెలియదు, గైడులో ఉన్నది 'పోస్ట్‌పోన్' ఒక్కటే కాబట్టి. తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బడులన్నిటిలోనూ ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం మొదలైంది, ఆ పిల్లల చేతికీ ఈ పట్టికలే ఇస్తే ఎలా?

మీ చదువుల పేజీలోనూ కాల్ ఆఫ్, పుట్ ఆఫ్ లాంటి ఫ్రేజల్ వెర్బులు ఒకేరోజు ఇరవై వరసగా వేస్తున్నారు. రోజుకి ఒక్కటే వేయండి, కానీ అదేరోజు వార్తల్లోంచి రెండు మూడు వాక్యాలు తీసి, ఎక్కడ వాడొచ్చో ఎక్కడ వాడకూడదో చెప్పండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, వరంగల్