శిక్షణకు అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టండి

సంపాదకుడు గారికి,

వేర్వేరు విభాగాలు కలిసి చేయాల్సిన ప్రాజెక్టుల కోసం కంపెనీలు ఇప్పుడు శిక్షణ తరగతులు బాగానే పెడుతున్నాయి. సంతోషమే. కానీ డిజైన్ వాళ్లకు ఒక బ్యాచ్, పర్చేజ్ వాళ్లకు ఒకటి, ప్రొడక్షన్ వాళ్లకు వచ్చే నెలలో ఇంకొకటి అని విడదీసి, కలిసి పనిచేయడం ఎలాగో నేర్పడమే విడ్డూరం. పంపులు తయారుచేసే కంపెనీలో పర్చేజ్ విభాగం మాది.

మాకు క్లాసు తీసుకున్నాయన గాంట్ చార్ట్ (ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలో గీతలతో చూపే పట్టిక), క్రిటికల్ పాత్ (ఆలస్యమైతే ప్రాజెక్టు మొత్తాన్నీ ఆలస్యం చేసే పనుల వరుస) చక్కగా చెప్పారు. ఆటలు కూడా ఆడించారు (వాటి మీద నాకు పెద్ద గురి లేదు). అయితే మా ప్రాజెక్టులు ఆగేది చార్టు గీయడం రాక కాదు. పంపులో తిరిగే ఇరుసు, అంటే షాఫ్ట్, సైజు మారుతుంది. డిజైన్ వాళ్లు సవరించిన డ్రాయింగ్‌ను సర్వర్‌లో పెట్టేస్తారు, వాళ్ల పని పూర్తి. మేమేమో అప్పటికే ఆ షాఫ్ట్‌కు తొడిగే బేరింగులకు పాత సైజులోనే ఆర్డర్ ఇచ్చేసి ఉంటాం. సరుకు వచ్చాక క్వాలిటీ వాళ్లు పక్కన పెట్టేస్తారు. చార్టులో మాత్రం డ్రాయింగ్ గడీ ఆకుపచ్చగానే ఉంటుంది, ఆర్డర్ గడీ ఆకుపచ్చగానే ఉంటుంది, అంటే రెండు పనులూ పూర్తయినట్టే.

ఇందుకోసమే రేసీ పట్టిక అని ఒకటుంది. పని చేసేదెవరు, జవాబుదారీ ఎవరు, ఎవరిని సంప్రదించాలి, ఎవరికి తెలియజేయాలి అని రాసుకుంటారు. జవాబుదారీ ఒక్కరే ఉండాలి. మా పట్టికలో డ్రాయింగ్ మార్పులకు ఎదురుగా ముగ్గురు మేనేజర్ల పేర్లున్నాయి, ఎవరూ నొచ్చుకోకూడదని. తెలియజేయాల్సినవారి గడి ఖాళీ!

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ థియేటర్లకు ఇచ్చిన చెక్‌లిస్టులో, కోత పెట్టేముందు సర్జన్, మత్తు డాక్టర్, నర్సు సహా అందరూ తమ పేరు, బాధ్యత చెప్పుకున్నారా అని అడుగుతారు. ఒకే గదిలో పనిచేసేవాళ్లకే అది అవసరమైతే, ఈమెయిళ్లలో తప్ప ఒకరి మొహం ఒకరు చూసుకోని మా సంగతేమిటి?

కాబట్టి నడుస్తున్న ప్రాజెక్టునే పాఠంగా తీసుకుని, అందులో ఉన్నవాళ్లందరినీ కూర్చోబెట్టాలి, స్టోర్స్ వాళ్లను మరిచిపోకుండా. ఆ రేసీ పట్టిక వాళ్లచేతే నింపించాలి. విభాగాధిపతులు ప్రారంభోపన్యాసం ఇచ్చి జారుకోకుండా సాయంత్రం దాకా ఉండాలి. ఒకే మనిషి కోసం రెండు ప్రాజెక్టులు పోటీపడితే ఏది ముందో తేల్చాల్సింది వాళ్లే కదా. ఇక హాలు ఎలా ఉంది, భోజనం ఎలా ఉంది అని ఫారం నింపించుకోవడం మానేసి, మూడు నెలల తర్వాత వెనక్కి పంపిన సరుకు ఎంత తగ్గిందో రిజిస్టర్లో చూసుకోమనండి.

ఇట్లు,
పర్చేజ్ విభాగం ఉద్యోగి