పల్సర్ లెక్క, ఇంకా కొన్ని సంగతులు

చిన్నా,

ఊరికే రాస్తున్నాను, ప్రత్యేకించి విశేషాలేమీ లేవు. నాన్న మోకాలు కాస్త నయం. అక్క కూతురికి త్రికోణమితి మొదలైంది. నేను చెబితే అర్థం కాదట, మామయ్య చెబితేనే అర్థమవుతుందట. మేడ మీద అలమరా సర్దుతుంటే నీ పాత నోట్సు బయటపడింది. కెప్లర్ సమీకరణం పక్కన నువ్వు గీసిన ఏనుగు బొమ్మ ఇంకా అలాగే ఉంది. పారెయ్యలేదులే.

మొన్న బుజ్జి ఫోన్ చేశాడు. మాటల మధ్యలో, నీ పేపర్ ఏదో వెనక్కి తీసుకోవాల్సి వస్తోందనీ, గైడుకీ నీకూ మాటల్లేవనీ అన్నాడు. వాడి మాట ఎంతవరకు నమ్మాలో నాకు తెలుసు, తాతయ్య పెట్టె విషయంలో వాడు చేసిన గోల మర్చిపోలేదు. కాబట్టి నేనేమీ పట్టించుకోలేదు. నువ్వేమో ఫోన్ ఎత్తి "బిజీ అమ్మా" అని పెట్టేస్తున్నావు. సరే, బిజీగానే ఉండుంటావు.

రాత్రిళ్లు నిద్రపోతున్నావా? మీది రేడియో టెలిస్కోపే కదా, పగలూ పనిచేస్తుంది. మరి తెల్లవార్లూ మేలుకోవడం దేనికి?

బుజ్జి మాటతో ఏ సంబంధమూ లేదు గానీ, ఒక సంగతి గుర్తొచ్చింది. 1991లో ఇంగ్లండులోని జోడ్రెల్ బ్యాంక్ రేడియో అబ్జర్వేటరీలో ఆండ్రూ లైన్, ఆయన సహచరులు ఒక పల్సర్ (గిర్రున తిరుగుతూ క్రమం తప్పకుండా రేడియో స్పందనలు పంపే నక్షత్రం) చుట్టూ గ్రహం తిరుగుతోందని నేచర్ పత్రికలో ప్రకటించారు. మన సూర్యుడికి కాక వేరే నక్షత్రానికి గ్రహం అంటే అప్పట్లో ఎంత పెద్ద వార్తో నీకు నేను చెప్పాలా? ఆ పల్సర్ స్పందనలు ఒకసారి కాస్త ముందుగా, ఒకసారి కాస్త ఆలస్యంగా వస్తున్నాయి. ఆ ఊగడం ఆరు నెలలకోసారి. ఏదో గ్రహం దాన్ని అటూ ఇటూ లాగుతోందని అర్థం చేసుకున్నారు. ఆరు నెలలు అనగానే ఎవరికైనా భూమి మీద అనుమానం రావాలి. వాళ్లకీ రాకపోలేదు, కానీ తప్పు దొరకలేదు.

1992 జనవరిలో అట్లాంటాలో అమెరికన్ ఆస్ట్రనామికల్ సొసైటీ సమావేశం. అక్కడ లైన్ ఆ గ్రహం గురించే మాట్లాడాలి. సరిగ్గా దానికి ముందు లెక్క మళ్లీ చూసుకుంటుంటే విషయం బయటపడింది. సూర్యుడి వెలుగు మన దాకా రావడానికి సుమారు 500 సెకన్లు కదా. అంటే భూమి కక్ష్యలో ఎటువైపు ఉందన్నదాన్ని బట్టి స్పందన అందే సమయం నిమిషాల కొద్దీ మారుతుంది. అందుకే ప్రతి కొలతనీ సౌరకుటుంబ ద్రవ్యరాశి కేంద్రం దగ్గర అందినట్టుగా సవరిస్తారు. వాళ్ల ప్రోగ్రాము మొదటి విడతలో భూమి కక్ష్యని వట్టి వృత్తంగా తీసుకుంది. పల్సర్ స్థానం కచ్చితంగా తేలాక దీర్ఘవృత్తం పెట్టి మళ్లీ చెయ్యాలి. ఈ ఒక్క పల్సర్‌కి ఆ మళ్లీ చెయ్యడం సరిగ్గా జరగలేదు, పైగా మొదట తీసుకున్న స్థానమూ కాస్త పక్కకి ఉంది. భూకక్ష్య ఉత్కేంద్రత, అంటే వృత్తం నుంచి ఎంత సాగిందన్న కొలత, ఎంత? 0.0167. ఇంతే కదా అనిపిస్తుంది. కానీ భూమి స్థానాన్ని పదాల శ్రేణిగా విస్తరించి రాసి చూడు, ఆ ఉత్కేంద్రత ఉన్న మొదటి పదమే ఏడాదికి రెండుసార్లు ఊగుతుంది. వాళ్ల ఆరు నెలల గ్రహం అదే! సవరించగానే మాయమైపోయింది.

ఆయన ప్రయాణం మానుకోలేదు చూడు. వేదికెక్కి, గ్రహం లేదు, లెక్కలో తప్పు జరిగింది, ఇలా జరిగింది అని చెప్పాడు. చాలాసేపు చప్పట్లు కొట్టారట. ఆ వెంటనే మాట్లాడాల్సింది అలెగ్జాండర్ వోల్ష్‌చాన్. ఆయన చెప్పబోయేదీ పల్సర్ గ్రహాల గురించే! ఆ మనిషి టెన్షన్ ఊహించుకో. అయితే ఆయనకి దొరికిన రెండు గ్రహాల కాలాలు సుమారు 67, 98 రోజులు. ఏడాదితోనూ దాని సగంతోనూ పొత్తు కుదరని అంకెలు. అవి నిలబడ్డాయి. లైన్‌కీ ఏమీ కాలేదురా. 2004లో రెండూ పల్సర్లే అయిన జంట గురించి సైన్స్ పత్రికలో వచ్చిన పేపర్‌లో మొదటి పేరు ఆయనదే.

ఇదంతా నీకు పాఠం చెప్పడానికి కాదు. అయినా చెప్పేది విను. పేపర్‌లో తప్పుంటే, ఉందని నేననడం లేదు, ఉంటే గనక, ఆ మాట ముందు నీ నోటి నుంచే రావాలి. గైడుకి మెయిల్ కాదు, ఎదురుగా వెళ్లి కూర్చుని చెప్పు. కోడ్ వేరే మనిషి చేత చూపించు. రాసినవాడి కంటికి తన తప్పు ఆనదు.

పరిశీలన వదిలేసి సిద్ధాంతం వైపు పోతానన్నావని కూడా బుజ్జి అన్నాడు. నీకు నిజంగా ఇష్టమైతే వెళ్లు, నేను సంతోషిస్తాను. అక్కడ కేబుళ్లూ కొలతలూ ఉండవు కాబట్టి హాయి అనుకుంటే మాత్రం ఫ్రెంచి గణితవేత్త పాయింకరే సంగతి చదువు. ఒకదాన్నొకటి ఆకర్షించే మూడు వస్తువులు ఎలా కదులుతాయన్న సమస్య మీద స్వీడన్ రాజు బహుమతి వచ్చాక, 1889లో ఆ వ్యాసంలోనే పెద్ద తప్పు కనబడింది. అచ్చయిన ప్రతులు వెనక్కి తెప్పించారు. మళ్లీ అచ్చు వేయించడానికి ఆయనకి బహుమతి డబ్బు కంటే ఎక్కువే అయింది. ఆ దిద్దుబాటులోనే కదా ఇవాళ మీరు కేయాస్ అంటున్నది, అదే చిన్న తేడా పోనుపోను పెద్దదైపోవడం, మొదలైంది.

కళ్లు చూపించుకున్నావా? పోయినసారి వీడియోలో స్క్రీన్‌కి మరీ దగ్గరగా కూర్చున్నావు. నడుముకి దిండు పెట్టుకో. నాన్న నిన్నేమీ అడగొద్దన్నారు, ఆయనే పొద్దున లేచి నీ పేపర్ కోసం ఇంటర్నెట్‌లో వెతుకుతున్నారు. నేను చెప్పానని అనకు.

నీ పేపర్‌లో సవరణ లెక్క ఉన్న పేజీ ఫోటో తీసి పంపు. ఏ ఎఫిమెరిస్ (గ్రహస్థానాల పట్టిక) వాడావో పక్కన రాయి. కొత్త కళ్లజోడు వచ్చింది, చిన్న అక్షరాలు కూడా బాగానే కనిపిస్తున్నాయి. మొదటి రెండు పదాలు చేత్తో వేసి చూస్తాను. అక్షరాలు మసకగా ఉంటే మాత్రం ఆదివారం ఫోన్ చేసి నువ్వే చదివి వినిపించాలి.

అమ్మ