ముందు రన్‌వే, తర్వాతే విమానం

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మారుమూల ఊళ్లకు విమానం నడపాలన్న ఆలోచన చాలా నచ్చింది. రోజంతా పట్టే దారి నలభై నిమిషాలైతే, పురిటి నొప్పులు పడుతున్న మనిషికి ఎంత తేడానో వేరే చెప్పాలా! కానీ విమానాల బేరంలోకి అప్పుడే దిగకు. ముందు రన్‌వేలు చూడు.

ఒక ఎయిర్‌స్ట్రిప్ 5,000 అడుగుల ఎత్తులో ఉందనుకో. ప్రామాణిక లెక్క ప్రకారం అక్కడ 5 డిగ్రీలుండాలి. మధ్యాహ్నం 30 అయిందంటే 25 డిగ్రీలు ఎక్కువ. డిగ్రీకి సుమారు 120 అడుగుల చొప్పున ఇంకో 3,000 కలుపు. అంటే విమానానికి అది 8,000 అడుగుల ఎత్తులో ఉన్న రన్‌వే కిందే లెక్క. గాలి పలచబడి ఇంజను బలం, రెక్కల లిఫ్ట్ (పైకెత్తే బలం), ప్రొపెల్లర్ లాగుడు మూడూ తగ్గుతాయి. 19 సీట్ల ట్విన్ ఆటర్‌కి 19 టికెట్లూ అమ్మేశావో, కొందరిని గేటు దగ్గరే ఆపేయాలి. అలాంటి చోటికి పొద్దున్నే వెళ్లి రావాలి. ఎన్ని సీట్లు అమ్మాలో బరువు లెక్కే చెప్పాలి.

అక్కడ ఇంధనం దొరకకపోతే తిరుగు ప్రయాణానికీ ఇక్కణ్ణుంచే మోయాలి. అదనంగా 300 కిలోలు మోస్తే, లగేజీతో మనిషికి 100 కిలోల చొప్పున ముగ్గురు తగ్గినట్టే. 200 లీటర్ల డ్రముల్లో అక్కడే నిలవ పెడదామంటావా, పెట్టు. కానీ ఆరుబయట నిటారుగా మాత్రం నిలబెట్టొద్దు. మూత చుట్టూ వాన నీళ్లు నిలుస్తాయి, రాత్రి చల్లబడ్డప్పుడు డ్రము ఆ నీళ్లని సందుల్లోంచి లోపలికి పీల్చుకుంటుంది. పడుకోబెట్టి, మూతలు రెండూ ఒకే ఎత్తులో ఉండేలా తిప్పు. పంపు గొట్టం అడుగుకి తగలనివ్వకు. ఫిల్టర్‌లోంచి పట్టి, ప్రతిసారీ నీటి పరీక్ష చెయ్యాల్సిందే.

విమాన సర్వీసు నడపడానికి కావాల్సిన అనుమతి, అంటే ఎయిర్ ఆపరేటర్ సర్టిఫికెట్, మామూలుగా ఐదు దశలు: ముందస్తు చర్చ, దరఖాస్తు, మాన్యువళ్ల (సర్వీసు నడిపే పద్ధతులు రాసిన పుస్తకాల) పరిశీలన, విమానం నడిపి చూపించే ప్రదర్శన, చివరికి సర్టిఫికెట్. మాన్యువళ్ల దగ్గరే ఎక్కువ ఆలస్యం. ఇంకెవరివో తెచ్చి పేర్లు మార్చి ఇస్తే, నీ రన్‌వేలకీ నీ విమానానికీ పొంతన కుదరక తిరిగొస్తాయి. ఈలోగా లీజు, జీతాలు ఆగవు. అందుకే విమానాన్ని ప్రదర్శన దశకి అందేలా తెప్పించు, అంతకుముందు వద్దు.

ఒక్క విమానంతో మాత్రం మొదలుపెట్టకు. కంకర స్ట్రిప్ మీద రాయి లేచి ప్రొపెల్లర్‌కి గాటు పడితే, దాన్ని చూసి సరిచేసేదాకా సర్వీసు మొత్తం ఆగిపోతుంది. రెండుసార్లు రాకపోతే జనం మళ్లీ బస్సెక్కేస్తారు. చిన్న దూరాల్లో గంటల కన్నా ల్యాండింగులే ఎక్కువ, టైర్లూ బ్రేకులూ తొందరగా అరుగుతాయి. విడి భాగాల డబ్బు ఆ లెక్కనే పక్కన పెట్టు.

ఒక్కో ఎయిర్‌స్ట్రిప్ ఎత్తు, పొడవు, నేల రకం, వాలు, చివర్లో చెట్లో కొండో ఉంటే అదీ, బాగా వేడి నెలలో మధ్యాహ్నపు ఉష్ణోగ్రతా రాసి పంపు. ఏ విమానమో అప్పుడు కూర్చుని తేల్చుకుందాం.

నీ
రఘు