ఈత కోసం పడవ ఆగే చోటుకు నిబంధనలు కావాలి: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

విశాఖపట్నం తీరం వెంబడి పడవలో విహరిస్తూ, మధ్యలో ఒకటి రెండు చోట్ల ఆగి సముద్రంలో ఈత కొట్టే యాత్రల మీద జనానికి ఆసక్తి పెరుగుతోంది. గోవాకో, అండమాన్‌కో, థాయిలాండ్‌కో వెళ్లి అలాంటి విహారం చేసి వచ్చిన కుటుంబాలు మన తీరంలోనూ అదే కోరుకుంటున్నాయి. ఈ యాత్రలు రావాలనీ, పదికాలాలపాటు బాగా నడవాలనీ మనసారా కోరుకునేవాడిగా, వాటికి అనుమతులు ఇచ్చే ముందు ప్రభుత్వం తప్పక చేయవలసిన ఒక పని గురించి మీకు ఈ లేఖ రాస్తున్నాను. పడవ కదులుతున్నంతసేపు పాటించవలసిన జాగ్రత్తల గురించి ప్రతి ప్రమాదం తరువాతా ఎంతో కొంత చర్చ జరుగుతూనే ఉంది. పడవ ఆగి, ప్రయాణికులు నీళ్లలోకి దిగిన ఆ అరగంటలో ఎవరు ఎక్కడ ఉండాలి, ఎవరిని ఎవరు కనిపెట్టుకుని ఉండాలి అన్నది మాత్రం ఎవరి చర్చలోనూ కనిపించడం లేదు.

ఈ యాత్రలు ఎందుకు రావాలో ముందు చెప్పుకోవాలి. విశాఖలో పుట్టి పెరిగినవారిలోనూ చాలామందికి తమ ఊరు సముద్రం వైపు నుంచి ఎలా కనబడుతుందో తెలియదు. డాల్ఫిన్స్ నోస్ కొండ నీళ్లలోకి చొచ్చుకువచ్చిన తీరు, కైలాసగిరి దాటాక ఉత్తరంగా సాగే కొండల వరుస, ఎర్రమట్టి దిబ్బల మీదుగా భీమిలి దాకా వంపులు తిరిగే తీరరేఖ ఒడ్డున నిలబడి చూస్తే పూర్తిగా కంటికి ఆనవు. తొట్లకొండ, బావికొండల మీద బౌద్ధ భిక్షువులు సముద్రానికి ఎదురుగా ఆరామాలు ఎందుకు కట్టుకున్నారో పడవలో కూర్చుని తలెత్తి చూసినవారికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఇక అలలు విరిగే గీతకు అవతల, కాళ్లకు నేల తగలని చోట నీళ్ల మీద తేలడం పిల్లలకు జన్మంతా గుర్తుండిపోయే అనుభవం. ఇది డబ్బున్నవారు విమానమెక్కి వేరే దేశంలో కొనుక్కోవలసిన ఆనందంగానే మిగిలిపోకూడదు.

అయితే ఒక సంక్రాంతి సెలవుల్లో హైదరాబాద్ నుంచి వచ్చిన బంధువులతో కలిసి మన తీరంలోనే ఒక ప్రైవేటు పడవలో వెళ్లినప్పుడు నేను చూసినది మీ దృష్టికి తీసుకురావాలి. పడవ ఎక్కేటప్పుడు అందరికీ లైఫ్ జాకెట్లు ఇచ్చారు, పేర్లు రాసుకున్నారు, ఫోటో కూడా తీసుకున్నారు. అంతవరకు సవ్యంగానే జరిగింది. ఒక చోట లంగరు వేసి, ఈత కొట్టేవారు దిగవచ్చని చెప్పారు. ఇంజన్ ఆపలేదు, అది నెమ్మదిగా తిరుగుతూనే ఉంది. పైకి ఎక్కడానికి నిచ్చెన లేదు, పడవ పక్కన తాడుతో కట్టిన పాత టైరు ఒకటే ఆధారం. మా వదిన చున్నీ ఆ టైరు తాడుకు చుట్టుకుంటే, దాన్ని విడదీయడానికి ఇద్దరం నీళ్లలోనే తంటాలు పడ్డాం. పదేళ్ల పిల్లవాడికి పెద్దవారి జాకెట్ తొడిగితే, నీళ్లలో దిగగానే అది చెవుల దాకా పైకి లేచి వాడి ముఖాన్ని కప్పేసింది. ఇవన్నీ ఒక ఎత్తు, తిరుగు ప్రయాణానికి ముందు జరిగినది మరొక ఎత్తు. సరంగు సహాయకుడు గట్టిగా, "అందరూ వచ్చేశారా?" అని అడిగాడు. పడవలో ఉన్నవాళ్లందరూ ఒక్క గొంతుతో "ఆ" అన్నారు. లంగరు పైకి లాగారు. ఎక్కేటప్పుడు రాసుకున్న పేర్ల కాగితాన్ని ఎవరూ తీయలేదు, ఎవరూ లెక్కపెట్టలేదు.

మంత్రి గారూ, ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవారు పడవలో ఉన్నవారు మాత్రమే. రానివాడు రాలేదని చెప్పడానికి అక్కడ ఉండడు. 1998 జనవరిలో ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర సరిగ్గా ఇదే జరిగింది. సముద్రంలో డైవింగ్‌కు దిగిన ఒక అమెరికన్ దంపతుల జంటను వదిలేసి పడవ ఒడ్డుకు వచ్చేసింది. వారు లేరన్న సంగతి రెండు రోజుల తరువాత, పడవలో మిగిలిపోయిన వారి సంచి చూసినప్పుడు గాని తెలియలేదు. వారు మళ్లీ దొరకలేదు. ఆ విషాదం తరువాత ఆ తీరం ఉన్న క్వీన్స్‌లాండ్ రాష్ట్రం, పడవ కదిలే ముందు తలలు లెక్కపెట్టే నిబంధనను కఠినం చేసింది. మన దగ్గర అలాంటి నిబంధన రావడానికి అలాంటి మరణం కోసం ఎదురుచూడవలసిన పని లేదు.

మన రాష్ట్రం పడవ ప్రమాదాల్లో చవిచూసిన దుఃఖం తక్కువేమీ కాదు. 2017 నవంబర్ 12న కృష్ణా నదిలో పవిత్ర సంగమం దగ్గర అనుమతి లేని పడవ బోల్తాపడి, ఒంగోలు నుంచి విహారానికి వచ్చినవారు పలువురు ప్రాణాలు కోల్పోయారు. 2019 సెప్టెంబర్ 15న వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగిపోయింది. పాపికొండలు చూడాలని ఓరుగల్లు పక్కన కడిపికొండ నుంచి కలిసి బయలుదేరిన వాళ్లలో చాలామంది ఇళ్లకు తిరిగి చేరలేదు. కేరళలో 2023 మే 7న తానూరు దగ్గర, చేపల పడవను మార్చి తయారుచేసిన విహార పడవ కిక్కిరిసిన జనంతో తలకిందులై 22 మందిని బలిగొంది. వీటి నుంచి మనం నేర్చుకున్న పాఠాలు అన్నీ పడవకు సంబంధించినవే: ఎంతమందిని ఎక్కించాలి, జాకెట్లు ఉన్నాయా, పడవకు నమోదు ఉందా, నదికి వరద ఉందా. అవి అవసరమే, వాటిని వదలకూడదు. ఈత కోసం ఆగే పడవ విషయంలో మాత్రం పడవ నిక్షేపంగా ఉండగానే మనిషి పోయే ప్రమాదం ఉంది.

అది ఎలాగో కొంచెం వివరంగా చెప్పనివ్వండి. విశాఖ తీరం వెంబడి సముద్రపు నీరు ఒక చోట నిలిచి ఉండదు. సుమారుగా ఫిబ్రవరి నుంచి మే వరకు తీరప్రవాహం ఈశాన్యంగా, అంటే రుషికొండ నుంచి భీమిలి వైపు సాగుతుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు అదే ప్రవాహం వెనక్కి తిరిగి నైరుతిగా, యారాడ వైపు సాగుతుంది. నీరు సెకనుకు అర మీటరు వేగంతో కదిలినా చాలు, లంగరు వేసిన పడవ నుంచి చేయి వదిలిన మనిషి నిమిషం గడిచేసరికి 30 మీటర్ల దూరంలో ఉంటాడు. ఊరి చెరువులోనో, హోటల్ కొలనులోనో ఈత నేర్చినవాడు అంత వేగానికి ఎదురీది పడవను అందుకోవడం చాలా కష్టం. తాను కొట్టుకుపోతున్నానన్న సంగతి కూడా అతనికి వెంటనే తెలియదు, ఎందుకంటే చుట్టూ ఉన్న నీరు కూడా అతనితోనే కదులుతుంది. పోనీ లంగరు వేయకుండా పడవను వదిలేస్తే, గాలి పడవను ఒక వైపు తోస్తుంది, ప్రవాహం మనిషిని ఇంకో వైపు తీసుకుపోతుంది. అందుకే ఈత విహారాలు పద్ధతిగా జరిగే చోట్ల పడవ వెనుక పొడవైన తాడు వదిలి, దాని చివర నీటి మీద తేలే రంగు బుడ్డి కట్టి ఉంచుతారు. ఎవరు అలసిపోయినా ఆ తాడు పట్టుకుని ఆగవచ్చు. ఇంజన్ పూర్తిగా ఆపి, తాళం చెవి తీసేసిన తరువాతే మనుషులను దింపుతారు. వేరే ఏ పనీ పెట్టుకోకుండా నీళ్లలోని తలలనే చూస్తూ ఉండే మనిషిని పడవ పైన ఒకరిని నిలబెడతారు. తాడుకూ, నిచ్చెనకూ, ఒక మనిషి కూలికీ అయ్యే ఖర్చు పడవకు పోసే డీజిల్ ముందు లెక్కలోకే రాదు.

ఇక్కడ ఒక వింత పరిస్థితి మీరు గమనించాలి. శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో పొందిన రుషికొండలో ఒడ్డున స్నానం చేసేవారికి హద్దులు గుర్తించి, ప్రాణరక్షకులను పెట్టడం ఆ గుర్తింపుకే ఒక షరతు. నడుము లోతు నీళ్లలో ఉన్నవారికి ఇంత రక్షణ ఉండి, అక్కడికి కాస్త దూరంలో లోతు నీళ్లలోకి పడవ మీంచి దూకేవారికి సరంగు దయ ఒక్కటే దిక్కు కావడం ఏ విధంగానూ సమంజసం కాదు.

రెండో సంగతి కాలానికి సంబంధించినది. మన సెలవుల పంచాంగానికీ సముద్రపు పంచాంగానికీ పొత్తు కుదరదు. సంక్రాంతి నాటికి సముద్రం సాధారణంగా నెమ్మదిస్తుంది కాబట్టి ఆ సెలవులు ఈ యాత్రలకు అనువైనవే. దసరా సెలవులు మాత్రం తుపానుల కాలంలో పడతాయి. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబర్ 12న, దసరా సందడి పూర్తిగా తగ్గకముందే. వేసవి సెలవుల్లో మే నెల గడిచేకొద్దీ నైరుతి గాలి బలపడి, తీరంలో అల పెరుగుతుంది. ఎక్కడో దూరాన సముద్రంలో పుట్టిన పెద్ద అలలు మన దగ్గర గాలి లేకపోయినా, ఎండ కాస్తున్నా తీరానికి చేరగలవు. ఆకాశం నిర్మలంగా ఉంది కదా అని దిగినవారు మోసపోయేది అలాంటి రోజునే. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు, ప్రవాహాల మీద ముందస్తు సమాచారం రోజూ ఇస్తూనే ఉంది, మత్స్యకారులు దాన్ని వాడుకుంటూనే ఉన్నారు. టికెట్లు అమ్మే గదిలో ఆ సమాచారం ఉందా, ఉంటే దాన్ని చూసి యాత్ర రద్దు చేసే అధికారం ఎవరికి ఉంది అన్నదే అసలు ప్రశ్న.

టికెట్ డబ్బు తీసుకున్న మనిషి చేతిలోనే రద్దు నిర్ణయం కూడా పెడితే, అతను ఎంత మంచివాడైనా తూకం ఒక వైపే మొగ్గుతుంది. సెలవు రోజు, పడవ నిండా జనం, హైదరాబాద్ నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చినవాళ్లు, "ఇంత దూరం వచ్చాం, కాస్త తీసుకెళ్లండి బాబూ" అని బతిమాలుతూ ఉంటే కాదనడానికి చాలా ధైర్యం కావాలి. 2018 జూలై 5న థాయిలాండ్‌లోని ఫుకెట్ దగ్గర వాతావరణ హెచ్చరిక ఉండగానే బయటికి వెళ్లిన ఒక విహార పడవ మునిగి, 47 మంది చైనా పర్యాటకులు చనిపోయారు. కచ్చులూరులోనూ వరద ఉందని తెలిసే పడవ కదిలింది. కాబట్టి ఆ రోజు పడవలు ఈత కోసం ఆగవచ్చా లేదా అన్న నిర్ణయాన్ని, టికెట్ల ఆదాయంతో ఏ సంబంధమూ లేని అధికారి ప్రతి ఉదయం ప్రకటించాలి. వద్దన్న రోజు ప్రయాణికుడికి పూర్తి డబ్బు వెనక్కి రావాలి. డబ్బు వెనక్కి వస్తుందని తెలిసిన రోజున జనమే సరంగును ఒత్తిడి పెట్టడం మానేస్తారు.

ఈ పనికి మనుషులు ఎక్కడి నుంచి వస్తారన్న సందేహం అవసరం లేదు. మంగమారిపేట నుంచి భీమిలి దాకా ఉన్న మత్స్యకార పల్లెల్లో, ఏ రాయి ఎక్కడుందో, ఏ నెలలో నీరు ఎటు లాగుతుందో చిన్నప్పటి నుంచి తెలిసినవారు వందల మంది ఉన్నారు. కచ్చులూరులో మునిగిన పడవను ఎంతో ప్రయాస తరువాత అక్టోబర్ 22న పైకి తీసినది కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందమే. లంగర్లతో, ఇనుప తాళ్లతో, నీటి గురించి తమకున్న ఎరుకతో వారు ఆ పని చేశారు. అలాంటి జ్ఞానాన్ని శవాలు వెతకడానికి పిలిచే బదులు, మనుషులను బతికి ఉండగానే కాపాడుకోవడానికి పిలవాలని నా విన్నపం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం వల్ల యువకులు ఒడ్డునే ఉంటారు. ఆ రోజుల్లో వారికి గోవాలోని జాతీయ జలక్రీడల సంస్థ ద్వారా ప్రాణరక్షణలో, ప్రథమ చికిత్సలో శిక్షణ ఇప్పించి, ఈత యాత్రల పడవల్లో గౌరవప్రదమైన జీతానికి తీసుకుంటే, వేట నిషేధ కాలంలో ప్రభుత్వం ఇచ్చే భృతితో పాటు వారికి స్థిరమైన ఆదాయం కూడా దొరుకుతుంది. ఈ శిక్షణలో ఆ పల్లెల ఆడపిల్లలకు చోటు ఉండాలి. నీళ్లలో దిగడానికి సంకోచించే మహిళా ప్రయాణికులకు పక్కన ఒక మహిళ తోడుంటే కలిగే ధైర్యం వేరు.

పడవలు ఎక్కడ ఆగాలన్నది కూడా ముందే తేల్చాలి. ఆ చోట్లను ఆంధ్ర విశ్వవిద్యాలయం సముద్రశాస్త్ర నిపుణులు, విశాఖలోనే ఉన్న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం, స్థానిక మత్స్యకార పెద్దలు కలిసి కూర్చుని గుర్తించాలి. వలలు వేసే తావులను, లంగరు తగిలి దెబ్బతినే రాతి దిబ్బలను వదిలేయాలి. జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన ఇసుకకు వస్తాయి కాబట్టి ఆ నెలల్లో కొన్ని తావులను పూర్తిగా మూసి ఉంచాలి. థాయిలాండ్‌లో మాయా బే అనే చిన్న అఖాతం పడవల తాకిడికి పాడైపోతే 2018లో మూసివేసి, 2022లో తెరిచినప్పుడు పడవలను లోపలికి రానీయకుండా, ఈతను కూడా నిషేధించవలసి వచ్చింది. మనం ఇంకా మొదటి అడుగులోనే ఉన్నాం గనుక ఆ దశ దాకా పోకుండా చూసుకోవచ్చు.

ఇంతకూ నేను కోరేది పెద్ద కొత్త చట్టం కాదు. ఈత కోసం ఆగే పడవలకు మామూలు విహార అనుమతి కాకుండా విడిగా ఒక అనుమతి పెట్టండి. ఇంజన్ ఆపడం, నిచ్చెన, వెనుక తాడు, పిల్లల కొలతల జాకెట్లు, నీళ్ల మీద చూపు నిలిపే మనిషి ఆ అనుమతికి షరతులు కావాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, దిగే ముందు, ఎక్కిన తరువాత పేరు పేరునా పిలిచి లెక్క సరిచూసి, సరంగు సంతకం చేసిన కాగితం లేకుండా లంగరు పైకి లేవకూడదు. ఆ కాగితాన్ని ఒడ్డున ఎప్పుడైనా తనిఖీ చేసే వీలుండాలి. ముసాయిదాను తెలుగులో ప్రచురించి, వచ్చే సంక్రాంతి సెలవులకు ముందే అభిప్రాయాలు తీసుకోండి. ఆ సమావేశాన్ని నక్షత్రాల హోటల్‌లో కాకుండా భీమిలిలోనో, మంగమారిపేటలోనో, వేటకు వెళ్లిన పడవలు తిరిగి వచ్చే వేళ దాటాక పెట్టించండి, అప్పుడైతే మాట్లాడవలసినవారు రాగలుగుతారు.

భవదీయుడు,
విశాఖపట్నం వాసి ఒకరు