సంక్రాంతికి మన బోర్డింగ్ తెరవడం లేదు

విశాఖ ఎంవీపీ కాలనీలోని మన బోర్డింగ్‌కి పదకొండేళ్ళుగా కుక్కల్ని తెచ్చి నమ్మకంగా వదిలి వెళ్తున్న అందరికీ నమస్కారం. డిసెంబర్ 8 నుంచి జనవరి నెలాఖరు దాకా ఒక్క కుక్కని కూడా రాత్రి ఉంచుకోవడం లేదు. సంక్రాంతికి బుక్ చేసుకున్న 31 మందికీ ఫోన్ చేసి అడ్వాన్సు తిరిగి వేశాను. ఎవరికైనా అందకపోతే దయచేసి చెప్పండి. కారణం దాచను. మన గదుల్లో ఫ్లీస్, అంటే కుక్కల రక్తం తాగే గెంతే చిన్న పురుగులు, పడ్డాయి.

అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో "అక్కడ పెడితే పురుగులు అంటుకుంటున్నాయట" అని తిరుగుతోందని విన్నాను. అది నిజం. "అసలు శుభ్రమే ఉండదట" అన్న మాట మాత్రం నిజం కాదు, నేను ఒప్పుకోను. రోజూ రెండుసార్లు నేల కడిగే చోటు మనది.

మనలో చాలామంది గోమార్లనీ వీటినీ కలిపి కుక్క పేలు అనేస్తాం. గోమారి ఒకచోట కరుచుకుని, రక్తం తాగి శనగగింజలా ఉబ్బుతుంది. ఫ్లీ నువ్వుగింజ కంటే చిన్నది, ముదురు గోధుమ రంగు, రెక్కలుండవు. వెంట్రుకల మధ్య పరుగెడుతుంది, పట్టుకోబోతే గెంతి మాయమవుతుంది. అందుకే చాలాసార్లు పురుగు కనబడదు, కుక్క గోక్కోవడమే కనబడుతుంది.

నవంబర్‌లో, కార్తీక మాసం పిక్నిక్‌లకీ అరకు, లంబసింగి ట్రిప్పులకీ వెళ్ళినవాళ్ళు 46 కుక్కల్ని మన దగ్గర వదిలారు. లాసన్స్ బే కాలనీకి తిరిగి వెళ్ళిన ఒక లాబ్రడార్ తోక మొదట్లో కొరుక్కుంటోందని మూడో రోజు ఫోన్ వచ్చింది. "మీ కింద తిరిగే వీధి కుక్కల నుంచి వచ్చి ఉంటుంది" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆ కుటుంబానికి ఇంటికెళ్ళి క్షమాపణ చెప్పాను, ఇక్కడ మళ్ళీ చెబుతున్నాను. వారంలో సీతమ్మధార నుంచి ఒకరు, మద్దిలపాలెం నుంచి ఇంకొకరు అదే మాట చెప్పారు. అప్పుడు మన దగ్గరున్న కుక్కల్ని పేల దువ్వెనతో దువ్వాను. మిరియప్పొడిలాంటి నల్లటి నలకలు రాలాయి. తడి దూది మీద వేస్తే చుట్టూ ఎర్రటి మరక పాకింది. మట్టి అయితే ఎరుపు దిగదు. అది ఫ్లీ తాగి విసర్జించిన రక్తం.

ఇది ఎలా జరిగిందన్నది చెప్పకపోతే నాకు మనసొప్పదు. లోపలికి వచ్చే ప్రతి కుక్కకీ ఫ్లీస్ పట్టకుండా మెడ వెనక డ్రాప్స్ వేయడం మన పద్ధతి. ఆరేళ్ళుగా ఆ మందు ఒకే డీలర్ దగ్గర కొంటున్నాను. మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి ఇంటిల్లిపాదీ వచ్చి భోంచేసి వెళ్ళిన మనిషి. అక్టోబర్‌లో వచ్చిన పెట్టెల మీద అచ్చు కాస్త వెలిసినట్టుంది. చూశాను, పట్టించుకోలేదు. తర్వాత కూర్చుని ఒక్కొక్క పెట్టే విప్పితే, పెట్టె మీద బ్యాచ్ నంబర్ ఒకటి, లోపలి ట్యూబ్ మీద ఇంకొకటి. కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ట్యూబ్ మీది నంబర్ చదివితే, ఆ నంబర్ తమది కాదన్నారు. డీలర్‌ని అడిగితే మొదట "రేపు మనిషిని పంపుతా" అన్నాడు. తర్వాత "అందరికీ అదే స్టాక్ ఇచ్చాను, ఎవరూ అనలేదు, మీరొక్కరే అంటున్నారు" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. డబ్బు సంగతి అలా ఉంచండి. ఆరేళ్ళ పరిచయంలో ఒక్క బిల్లు కూడా ఆలస్యం చేయని నాకు ఆ జవాబు చాలా బాధ కలిగించింది. మిగిలిన పెట్టెలు సీల్ చేసి దాచాను, ఔషధ నియంత్రణ అధికారులకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను.

స్నానం చేయించిన రోజే మందు వేసి ఉంటారని ఒకరు అన్నారు. సబబైన అనుమానమే. ఈ డ్రాప్స్ చర్మం మీది నూనెతో కలిసి ఒళ్ళంతా పాకాలి. అందుకే వేసే ముందు రెండు రోజులు, వేశాక రెండు రోజులు షాంపూ వాడకూడదు. రిజిస్టర్ తిరగేశాను. 46 కుక్కల్లో మూడింటికి అలా జరిగింది. ఆ మూడూ నా తప్పు. మిగతా 43కీ అది కారణం కాదు.

ఇక మూసేయాలా వద్దా అన్న సంగతి. పది రోజులు సరిగ్గా నిద్ర లేదు. సంక్రాంతి పది రోజుల్లో వచ్చే డబ్బు నాకు నాలుగు నెలల అద్దె. పని చేసే ఇద్దరు కుర్రాళ్ళకి జీతాలివ్వాలి. "మందు కొట్టించి నాలుగు రోజులు మూసి, పండక్కి తెరిచెయ్యి, ఎవరికి తెలుస్తుంది" అని దగ్గరివాళ్ళే చెప్పారు. ఒక రాత్రి దాదాపు సరే అనుకున్నాను కూడా.

మర్నాడు మన వెటర్నరీ డాక్టర్‌తో గంటసేపు మాట్లాడాక ఆ ఆలోచన వదిలేశాను. కుక్క ఒంటి మీద కనబడేవి మొత్తంలో కొద్ది భాగమే. ఆడ ఫ్లీ రోజుకి 40, 50 గుడ్ల దాకా పెడుతుంది. అవి వెంట్రుకలకి అంటుకోవు, ఉప్పు రవ్వల్లా నేల మీద రాలిపోతాయి. గుడ్లలోంచి వచ్చే లార్వాలు వెలుతురు పడక పగుళ్ళలోకి, పట్టాల కిందకి దూరి, పెద్దవి విసర్జించిన ఆ ఎండిన రక్తం తింటాయి. తర్వాత గూడు కట్టుకుంటాయి. ఆ గూడులోకి మందు సరిగ్గా వెళ్ళదు. లోపలి పురుగు నెలల తరబడి ఆగగలదు. పైన అడుగుల అదురు, ఒంటి వేడి, ఊపిరి తగిలితే బయటికి దూకుతుంది. పొడి గాలిలో లార్వాలు చచ్చిపోతాయి, కానీ మన సముద్రపు గాలిలో తేమకి కొదవ లేదు.

అంటే నాలుగు రోజులు ఖాళీగా ఉంచి పండక్కి తలుపు తీస్తే, ఆ 31 కుక్కల అడుగుల చప్పుడుకే అవి లేస్తాయి. 31 ఇళ్ళకి వెళ్తాయి. పదకొండేళ్ళు సంపాదించుకున్న పేరుతో ఆ పని నేను చేయలేను. వేరే బోర్డింగ్‌లో పెట్టుకోండి, నాకు కోపం లేదు. కానీ నేను మళ్ళీ తెరుస్తాను, అదే చోట.

ఇప్పుడు రోజూ రెండుసార్లు గదులన్నీ వాక్యూమ్ చేసి, ఆ సంచి మూతి కట్టి బయట పారేస్తున్నాం. కొబ్బరి పీచు పట్టాలన్నీ తీసేశాం, నేల పగుళ్ళు సిమెంటుతో పూడ్పించాను. లార్వాలు ఎదగకుండా ఆపే స్ప్రే డాక్టర్ చెప్పినట్టు కొడుతున్నాం. సాయంత్రం తెల్ల సాక్స్ వేసుకుని ప్రతి గదిలో నడిచి చూస్తున్నాను. మొదటి రోజు పద్నాలుగు ఎక్కాయి. నిన్న రెండు. వరసగా మూడు వారాలు ఒక్కటీ ఎక్కకపోతేనే తెరుస్తాను. జనవరి నెలాఖరుకి అది జరగకపోతే ఫిబ్రవరి.

నవంబర్‌లో మన దగ్గర ఉంచినవాళ్ళు దయచేసి ఇవి చేయండి. ఇంట్లో ఉన్న కుక్కలన్నిటికీ, పిల్లులకీ ఒకేసారి మందు వేయించాలి. ఒక్కదానికి వేస్తే మిగతావాటి మీద బతికేస్తాయి. బరువు చూసి డాక్టర్ రాసిన మందే వాడండి, కనీసం మూడు నెలలు ఆపకండి. కుక్కల మందు పిల్లికి వేయకండి. కొన్నిటిలో ఉండే పెర్మెత్రిన్ అనే రసాయనం పిల్లి ప్రాణం తీయగలదు. గాజువాక నుంచి వచ్చే ఒకాయన పొలానికి కొట్టే పురుగుల మందు నీళ్ళలో కలిపి కుక్కకి రాద్దామా అని అడిగారు. వద్దు, కిరసనాయిలు కూడా వద్దు. కుక్క నాక్కుంటుంది, ఆ విషం లోపలికి పోతుంది. మలంలో గానీ తోక కింద గానీ బియ్యపు గింజల్లాంటివి కనబడితే అది బద్దెపురుగు. కుక్క ఒళ్ళు కొరుక్కుంటూ ఫ్లీని మింగితే వస్తుంది, దానికి వేరే మాత్ర కావాలి. చిన్న కుక్కపిల్లలకి ఫ్లీస్ ఎక్కువైతే రక్తం తగ్గిపోతుంది. చిగుళ్ళు పాలిపోయి కనిపిస్తే అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. ఆ 46 కుక్కల మొదటి నెల మందు ఖర్చు నాదే. బిల్లు తెస్తే అక్కడికక్కడే ఇచ్చేస్తాను. అక్టోబర్ నుంచి మన కౌంటర్‌లో డ్రాప్స్ కొన్నవాళ్ళు వాడకుండా తెచ్చివ్వండి. వాడేసినా సరే, డబ్బు తిరిగి ఇస్తాను.

మళ్ళీ తెరిచాక మందు నేను వేయను, అమ్మను. మీ డాక్టర్ ఇచ్చింది వేయించి చీటీ చూపించండి. లోపలికి తీసుకునే ముందు మీ ఎదురుగానే పది నిమిషాలు దువ్వి చూస్తాను. తొందరలో ఉన్నా ఆ పది నిమిషాలు ఆగాల్సిందే, ఎంత పాత కస్టమర్ అయినా.

మీలో కొందరి దుప్పట్లు, బొమ్మలు ఇంకా మా దగ్గరే ఉన్నాయి. అన్నీ 60 డిగ్రీల వేడి నీళ్ళలో ఉతికి, ఎండలో ఆరేసి, పేర్లు రాసి విడివిడి కవర్లలో కట్టాం. శనివారం ఉదయం తొమ్మిది నుంచి గేటు దగ్గరే ఉంటాను, వచ్చి తీసుకెళ్ళండి. కుక్కని మాత్రం వెంట తీసుకురాకండి.