ఇత్తడి పాము

బంగారు తల్లీ,

కె.ఆర్.పురం స్టేషన్‌లో నిన్ను చెన్నై బండి ఎక్కించి వచ్చిన దగ్గర్నుంచి ఒక మాట నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. శనివారం రాత్రి ఆ మెయిల్ చూసి, ప్రమోషన్ లిస్టులో నీ పేరు లేదని నువ్వు చెప్పగానే నేనేం అడిగానో గుర్తుందా? "మరి నీతో పాటు చేరిన ఆ అమ్మాయికి వచ్చిందా?" అన్నాను. నువ్వు కంచం పక్కకి నెట్టి లేచిపోయావు.

తెల్లారుజామున ఈస్టర్ ఆరాధనకి సమాధుల తోటకి వెళ్లాం. అందరూ కొవ్వొత్తులు పట్టుకుని ప్రభువు లేచాడని పాడుతుంటే నీ పెదవులు కదల్లేదు. మైనం కారి వేళ్ల మీద పడుతున్నా చూసుకోలేదు. ఆ ముఖం నాకు కొత్త కాదమ్మా. పదేళ్ల క్రితం అద్దంలో చూసుకున్న నా ముఖమే అది.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. బెంగళూరు వచ్చిన కొత్తలో మన తెలుగు సంఘం ఆరాధనలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమంటే నేనే ముందు లేచేదాన్ని. దేవునికి స్తోత్రం అని మొదలుపెట్టి నీ ర్యాంకు దగ్గర ఆపేదాన్ని. నీ టెన్త్ రిజల్టు వచ్చిన ఏడాది, నేను అనుకున్న మార్కులు రాలేదని, వరుసగా నాలుగు ఆదివారాలు మందిరానికి వెళ్లలేదు. రొట్టె, ద్రాక్షారసంతో ప్రభువు బల్ల ఇచ్చే ఆదివారం కూడా ఇంట్లోనే ఉన్నాను. అందరికీ జ్వరమని చెప్పాను. జ్వరం లేదు, గిరం లేదు. "అమ్మాయికి ఎన్ని వచ్చాయి?" అని ఎవరైనా అడుగుతారేమోనని భయం, అంతే.

ఆ రోజుల్లోనే రాజుల రెండవ గ్రంథం 18వ అధ్యాయం నాలుగో వచనం దగ్గర ఆగిపోయాను. హిజ్కియా రాజు విగ్రహాలన్నీ పగలగొట్టాడు, బాగానే ఉంది. మోషే చేసిన ఇత్తడి పామును కూడా ముక్కలు చేశాడు. అది బయలు లాంటి ఏ అన్యదేవత గుడిలోంచో వచ్చింది కాదు. అరణ్యంలో పాములు కరిచి జనం చచ్చిపోతుంటే దేవుడే చేయించాడు. దాన్ని చూసినవాళ్లు బతికారు. యేసుప్రభువు నీకొదేము అనే యూదుల పెద్దతో మాట్లాడుతూ తన సిలువను దానితోనే పోల్చాడు. అంత మంచిదాన్ని అయిదు వందల ఏళ్లకు పైగా దాచుకుని, చివరికి దానికే ధూపం వేశారు. దాని పేరు నెహుష్టాను. హెబ్రీ భాషలో ఆ పేరులోనే ఇత్తడి ఉంది, అయినా ఎవరి కళ్లకీ ఆనలేదు.

ప్రసంగాల్లో విగ్రహాలంటే సెల్‌ఫోన్, సినిమా, డబ్బు అంటారు. నిజమే, ధనాపేక్ష విగ్రహారాధనే అని పౌలు కొలస్సయులకు రాశాడు. కానీ చెడ్డవాటిని గుర్తుపట్టడం తేలిక. నన్ను పడగొట్టింది మాత్రం దేవుడిచ్చిన బిడ్డ. నీ ఉద్యోగం తప్పని నేను అనడం లేదు. దానికోసం నువ్వు ఉపవాసం ఉన్నప్పుడు నేనూ నీ పక్కనే మోకాళ్ల మీద ఉన్నాను. కానీ అది చెయ్యి జారితే ఈస్టర్ కూడా ఈస్టర్‌లా లేకుండా పోయిందంటే, అది నీ గుండెలో ఎక్కడ కూర్చుందో ఒకసారి చూసుకో తల్లీ.

హాల్లో షోకేసులో నీ కప్పులు ఉండేవి కదా, ప్రతి శనివారం బ్రాసో పెట్టి తళతళలాడేలా తుడిచేదాన్ని. ఆ వచనం చదివిన వారం గుడ్డ చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను. నేను తుడుస్తున్నది అచ్చంగా ఇత్తడే. వాటిని పారెయ్యలేదు, అటక మీద పెట్టాను. అది తేలికైన పని. తర్వాతి ఆదివారం మందిరంలో లేచి, నాకు జ్వరం రాలేదు, అబద్ధం చెప్పాను అన్నప్పుడు మాత్రం కాళ్లు వణికాయి.

అంతటితో అయిపోయిందనుకున్నాను. "ఎంత ధైర్యంగా ఒప్పుకున్నావమ్మా" అని పదిమందీ అంటుంటే, నెల తిరక్కుండా ఆ మెప్పు కోసం చూడటం మొదలైంది. ఊడ్చి ఖాళీగా ఉంచిన ఇంట్లోకి దయ్యం మరో ఏడింటిని వెంటబెట్టుకొచ్చిందని ప్రభువు ఎందుకు చెప్పాడో అప్పుడు తెలిసింది. తీసేసిన చోట ఆయన్ని కూర్చోబెట్టాలి. నేను చేసింది చిన్న పనే. పొద్దున్నే నీ పేరు చెప్పి, సీటూ ర్యాంకూ ఏమీ అడక్కుండా, "ప్రభువా, ఈ పిల్ల నీది" అని మాత్రం అనేదాన్ని. చాలా రోజులు ఆ మాట గొంతు దాటేది కాదు. ఒక్కోసారి వంటింట్లో కుక్కర్ కూతలు వింటూ ఏడ్చేసేదాన్ని. నువ్వు కూడా ఆ లిస్టు గురించి ఆయనతో అలాగే మాట్లాడు. ఏడుపొస్తే ఏడు, కోపమొస్తే అదీ చెప్పు. ముందే తీర్పు రాసుకుని ప్రార్థనకి కూర్చోకు.

ఇన్నేళ్ల తర్వాత కూడా శనివారం రాత్రి నా నోట్లోంచి ఆ ప్రశ్నే వచ్చిందంటే, నాలో ఇంకా ధూపం ఆరలేదు. నన్ను క్షమించు.

గోంగూర పచ్చడి సీసా మూత బిగుసుకుపోయింది, వేడినీళ్లలో కాసేపు ఉంచి తియ్యి. ఆదివారం ఆరాధన అయ్యాక ఫోన్ చెయ్యి. తిన్నావా అని అడుగుతాను.

అమ్మ